సామాను తగ్గిద్దాం సరే... పనెవరిది?

బజారుకు సంచి పట్టుకెళ్లడం, తలంటుకు కుంకుడుకాయలు కొట్టడం, పాత చీరలతో బొంత కుట్టించడం... నిన్నమొన్నటిదాకా 'పాతకాలం' అని నవ్వుకున్నవే ఇప్పుడు కొత్త జీవనశైలి. తక్కువ సామానుతో, తక్కువ చెత్తతో బతుకుదామని ఎన్నో కుటుంబాలు ఉత్సాహంగా మొదలుపెడుతున్నాయి. నెల తిరక్కుండానే మానేస్తున్నవీ ఉన్నాయి. తేడా ఎక్కడ వస్తోంది?

భోగి ముందు ఆదివారం. అటక మీది సామాను దించే కార్యక్రమం. నాన్న స్టూలెక్కి అందిస్తుంటే పిల్లలు కింద అందుకుంటారు. ముందుగా దిగేవి అట్టపెట్టెలు. టీవీది, మిక్సీది, ఎప్పుడో అమ్మేసిన కంప్యూటర్‌ది. 'వారంటీ ఉంది, పెట్టె పారేయకూడదు' అని దాచినవి. వారంటీ పోయింది, వస్తువూ పోయింది... పెట్టె మాత్రం భద్రం! తర్వాత మిక్సీ లేని మిక్సీ జార్లు మూడు, పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు డజనున్నర, రెండంటే రెండుసార్లు వాడిన జ్యూసరు, మూత ఎక్కడుందో ఎవరికీ తెలియని ఫ్లాస్కు. అట్టడుగున, నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం. అన్నీ హాల్లో పరిస్తే కాలు పెట్టే చోటుండదు. 'ఇవన్నీ మనమే కొన్నామా' అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. సాయంత్రానికి సగం పాత సామాన్ల బండి ఎక్కుతాయి. మిగతా సగం... మళ్లీ అటకెక్కుతాయి!

ఒకప్పుడు భోగి మంటల్లో పడేవి పిడకలు, కట్టెలు, చెదపట్టిన తలుపు చెక్కలు. ఇప్పుడు ఇళ్లలో పాతబడేవి ప్లాస్టిక్ కుర్చీలు, రెగ్జిన్ బ్యాగులు, టైర్లు. మంటలో వేస్తే విషపు పొగ. చెత్తబండిలో వేస్తే ఊరిచివర గుట్ట. ఎటూ పంపలేకే అవి అటకెక్కి కూర్చుంటున్నాయి. ఆ గుట్టలకు నిప్పంటుకున్నప్పుడు చుట్టుపక్కల కాలనీల వాళ్లు కిటికీలు మూసుకుని దగ్గుతుంటే... 'ఇంత సామాను మనకు అవసరమా?' అన్న ప్రశ్న పుడుతోంది. పుట్టడం మంచిదే. కాకపోతే ఆ ప్రశ్న వెనకాలే మరొకటి రావాలి. అది సాధారణంగా రావడం లేదు. అదేమిటో తెలియాలంటే ఒకసారి న్యూయార్క్ వెళ్లిరావాలి.

తొమ్మిదో అంతస్తులో ఓ ఏడాది

కోలిన్ బేవన్ ఓ రచయిత. ఆయన భార్య మిషెల్ కాన్లిన్ ఓ వ్యాపార వారపత్రికలో జర్నలిస్టు. రెండేళ్ల కూతురు. మన్‌హాటన్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. హోటల్ నుంచి తెప్పించుకున్న భోజనాలు, పేపర్ కప్పుల్లో కాఫీలు, రాత్రికి టీవీ... మహానగరాల్లో అందరిలాంటి సంసారమే. 2006లో ఆయనకో ఆలోచన వచ్చింది. పర్యావరణానికి హాని చేయకుండా ఏడాది పాటు బతికి చూస్తే? అడవికి వెళ్లి కాదు, ఆ ఫ్లాటులోనే.

అన్నీ ఒకేరోజు మానేయలేదు. ముందు చెత్త. పొద్దున్నే ముక్కు తుడుచుకోవడానికి కాగితం కోసం చెయ్యి చాపాడట... మొదటిరోజు మొదటి నిమిషంలోనే ఇబ్బంది! తర్వాత ప్రయాణాలు. కారు, రైలే కాదు, లిఫ్టు కూడా బంద్. తొమ్మిది అంతస్తులూ మెట్లే. మిషెల్ ఆఫీసుకు కాలితో తోసుకుంటూ వెళ్లే స్కూటరు మీద వెళ్లేది. తర్వాత తిండి. 250 మైళ్లు, అంటే దాదాపు 400 కిలోమీటర్ల లోపు పండిందే తినాలి. కొత్త వస్తువులు కొనకూడదు. టీవీ ఇచ్చేశారు. కొన్ని నెలలయ్యాక కరెంటూ ఆపేశారు. రాత్రిళ్లు కొవ్వొత్తులు, ఆయన రాతపనికి మాత్రం ఓ సౌరపలక.

ఫ్రిజ్ లేకపోతే పాలెలా నిలవుంటాయి? కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోశారు. మన పల్లెల్లో మంచినీళ్ల కుండను ఇసుకలో పెట్టే కిటుకులాంటిదే. ఆవిరయ్యే నీరు కుండలోని వేడిని లాక్కుపోతుంది. నీళ్లయితే చల్లబడతాయిగానీ, పసిపిల్ల పాలకు ఆ చలువ చాలలేదు. చివరికి పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లోంచి ఐసు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. కూరగాయల తొక్కలతో వానపాముల ఎరువు పెడితే ఇంటినిండా ఈగలు! 2007 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఈ సంసారం గురించి పెద్ద కథనం వేసింది. వీళ్లు టాయిలెట్ పేపరు వాడరన్న సంగతి శీర్షికకెక్కేసరికి ప్రపంచమంతా పగలబడి నవ్వింది. చెంబు సంస్కృతి ఉన్న మనకు అందులో నవ్వాల్సిందేమిటో అర్థంకాదనుకోండి! పుస్తకం రాసుకోవడానికి వేసిన ఎత్తని విమర్శించినవాళ్లూ ఉన్నారు. 2009లో పుస్తకం వచ్చింది, డాక్యుమెంటరీ సినిమా వచ్చింది.

ఆ సినిమాలో ఓ దృశ్యం ఉంది. వాషింగ్ మెషీన్ లేదు కదా... స్నానాల తొట్టెలో బట్టలు నానబోస్తారు. తల్లి, తండ్రి, పసిపిల్ల... ముగ్గురూ అందులోకి దిగి కాళ్లతో తొక్కుతారు. అంతా తడిసి ముద్దవుతారు. పిల్ల కేరింతలు. అన్నట్టు, ఆ ఏడాదంతా రైతుబజారు నుంచి కూరలు మోసుకొచ్చి వండింది కూడా ఎక్కువగా కోలినే. ఇంటి దగ్గర ఉండి రాసుకునేది ఆయనే కాబట్టి పొయ్యి బాధ్యతా ఆయనదే. ఆలోచన ఎవరికి వచ్చిందో పనీ వాళ్లే నెత్తిన వేసుకున్నారు.

మన ఇళ్లలో ఇది ఇలాగే జరుగుతుందా?

అమ్మమ్మ ఇంట్లో చెత్తబుట్టేదీ?

'మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా' అని పెద్దవాళ్లు మొదలుపెట్టారంటే వినడానికి ఎంతో బాగుంటుంది. నిజమే. యాభై ఏళ్ల క్రితం మామూలు తెలుగింట్లో పారేయడానికంటూ ఏమీ ఉండేది కాదు. కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన కుడితి పశువులకు. పేడ పిడకలకు, పొయ్యిలో బూడిద గిన్నెలకు. కొబ్బరిపీచు అంట్లు తోమడానికి. విస్తరాకు పెంటకుప్పలోకి, అక్కణ్నుంచి పొలంలోకి. చీర చిరిగితే పరికిణీ, పరికిణీ చిరిగితే పసిపిల్లకు పొత్తిగుడ్డ, అదీ చిరిగితే మసిగుడ్డ. పెద్దాడి పాఠ్యపుస్తకాలు చిన్నాడికి, వాడి తర్వాత పక్కింటి పిల్లాడికి సగం ధరకి. సీజన్లో చవగ్గా దొరికిన కాకర, వంకాయ ఎండబెట్టి వరుగులు. అన్నం మిగిలితే పారేయడమన్నదే లేదు. పొద్దున్నే చద్దన్నం, ఇంకా మిగిలితే వడియాలు. కాలిఫోర్నియాలోనో ప్యారిస్‌లోనో ఇప్పుడు పుస్తకాలు చదివి నేర్చుకుంటున్నదంతా మన పెరట్లో జరిగిందే.

అయితే ఆ కబుర్లలో ఓ సంగతి ఎప్పుడూ పక్కకు తప్పుకుంటుంది. బూడిద పెట్టి ఆ గిన్నెలు తోమింది ఎవరు? పిడకలు కొట్టింది, నూతిలో నీళ్లు తోడింది, వరుగులు ఎండబెట్టి వానొస్తే పరుగున ఎత్తింది, పొత్తిగుడ్డలు ఉతికింది ఎవరు? ఆ 'చెత్తలేని ఇల్లు' ఆడవాళ్ల రెక్కల మీద నడిచిన ఇల్లు. కట్టెల పొయ్యి ముందు కళ్లు మండిపోతుంటే గొట్టంతో ఊది ఊది దగ్గు తెచ్చుకున్నదీ వాళ్లే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'దీపం' పథకం కింద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు పల్లెల్లో ఎంత సంబరమైందో గుర్తున్నవాళ్లు 'ఆ రోజులే వేరు' అనేముందు ఒక్క క్షణం ఆగుతారు.

పోనీ, ఆ రోజులు పోయాయి కదా అంటారా? కేంద్ర గణాంక శాఖ 2024లో సమయ వినియోగ సర్వే చేసింది. ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు వెచ్చిస్తున్నారో తేల్చే సర్వే అది. ఇంటిపనులు చేసే మహిళలు వాటికోసం రోజుకు సగటున 289 నిమిషాలు ఖర్చు చేస్తున్నారు. అంటే దాదాపు ఐదు గంటలు. అదే మగవాళ్లు? 88 నిమిషాలు. అదీ అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల లెక్క. పెట్టనివాళ్లు ఈ సగటులో లేరు! 2019లో ఇదే సర్వే చేసినప్పుడు మహిళలవి 299, మగవాళ్లవి 97 నిమిషాలు. అంటే ఐదేళ్లలో ఆమెకు పది నిమిషాలు తగ్గితే, ఆయనకూ తొమ్మిది నిమిషాలు తగ్గిపోయాయన్నమాట.

ఇప్పుడు ఈ ఇంట్లోకి 'పర్యావరణహిత జీవనం' వచ్చిందనుకోండి. ఆదివారం పేపర్లో చదివి ఆయన ఉత్సాహంగా అంటాడు- 'రేపట్నుంచి డిటర్జెంట్ వద్దు, కుంకుడు రసంతో ఉతుకుదాం. టిష్యూలు వద్దు, గుడ్డలు వాడదాం. బయటి స్నాక్స్ వద్దు, ప్యాకెట్లు పేరుకుపోతున్నాయి. జంతికలు ఇంట్లోనే చేసుకుందాం'. చేసుకుందాం, ఉతుకుదాం, వాడదాం... అన్నింట్లోనూ 'మనం' ఉంది. కుంకుళ్లు కొట్టి గింజ తీసే చెయ్యి మాత్రం ఒక్కటే. ఇదీ నెలరోజుల్లో మానేసే ఇళ్ల కథ. ఆమెకు పర్యావరణం మీద ప్రేమ లేక కాదు. ఐదు గంటల పని ఆరు గంటలైంది, అంతే.

సీసాలో ఏడాది చెత్త

బియా జాన్సన్ పేరు ఈమధ్య చాలామందికి తెలుసు. ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థిరపడిన గృహిణి. భర్త, ఇద్దరు కొడుకులు. పెద్ద ఇంట్లోంచి కొన్నాళ్లు చిన్న అద్దె ఫ్లాటుకు మారాల్సి వచ్చింది. సామానులో చాలాభాగం గోడౌనులో పెట్టారు. నెలలు గడిచినా ఆ సామాను గుర్తురాలేదు! దాంతో మళ్లీ కొన్న ఇల్లు చిన్నదే. 2008 నుంచి ఆ నలుగురూ ఏడాదికి పారేసే చెత్త లీటరు సీసాలో పట్టేంత. 2013లో ఆమె రాసిన 'జీరో వేస్ట్ హోమ్' ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆమె సూత్రంలో మొదటిమాట రీసైక్లింగ్ కాదు... 'వద్దు' అనడం. ఊరికే వచ్చేదాన్ని గుమ్మం దగ్గరే ఆపేయడం. తర్వాత తగ్గించడం, మళ్లీ వాడటం, అప్పుడు రీసైక్లింగ్, చివరికి మట్టిలో కలిపేయడం.

ఆ సీసా ఫొటో చూసి ముచ్చటపడేవాళ్లు ఎంతోమంది. దానికన్నా పనికొచ్చేది ఆమె తన తప్పుల గురించి చెప్పుకున్న భాగం. మొదట్లో ఉత్సాహం కొద్దీ రొట్టె ఇంట్లోనే, చీజ్ ఇంట్లోనే. టాయిలెట్ పేపరు బదులు నాచు. షాంపూ మానేసి నెలల తరబడి తలకు వంటసోడా, వెనిగర్ పట్టించింది. ఆ వాసన భరించలేక భర్త మొరపెట్టుకునేదాకా వచ్చింది. (కుంకుడుకాయ దొరికే ఊళ్లో ఉండి ఉంటే ఆ కాపురానికి అంత కష్టం వచ్చేది కాదు!) ఇలా అయితే ఎక్కువకాలం సాగదని అర్థమై అవన్నీ వదిలేసింది. బేకరీకి గుడ్డసంచి పట్టుకెళ్లి రొట్టె తెచ్చుకోవడం మొదలుపెట్టింది. చెత్తా లేదు, చాకిరీ లేదు.

కష్టం లేనివే పెద్దవి!

ఇక్కడే ఓ తమాషా ఉంది. ఇంట్లో చాకిరీ పెంచే పనులతో పర్యావరణానికి ఒరిగేది తరచూ తక్కువ. ఎక్కువ ఒరిగే పనులకు చాకిరీ అక్కర్లేదు, ఓ నిర్ణయం చాలు.

కరెంటు సంగతే చూడండి. మన దేశంలో ఎక్కువ కరెంటు బొగ్గు మండిస్తేనే వస్తుంది. ఒక్క యూనిట్ వెనక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. ఓ ఏసీ గంటకు ఒక యూనిట్ తాగినా, రాత్రి ఎనిమిది గంటలకు ఐదున్నర కిలోల పైమాట. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 2020 నుంచి స్టార్ గుర్తున్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవుతున్నది అందుకే. అయినా 18కి దించేసి దుప్పటి కప్పుకునేవాళ్లకు ఏం చెప్పాలి? మామూలు ఫ్యాను 75 వాట్లు. బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. మూడు ఫ్యాన్లు రోజుకు పదేసి గంటలు తిరిగే ఇంట్లో నెలకు 40 యూనిట్లు మిగులుతాయి. ఇప్పటికిప్పుడు బాగున్న ఫ్యాన్లు పీకేయమని కాదు... పాడైనప్పుడు మార్చేది అది చూసి మార్చుకుంటే సరి.

లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల వాయువు వెలువడుతుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లు కారులో తిరిగితే దాదాపు మూడు కిలోలు. బస్సో మెట్రోనో ఎక్కగలిగిన ఊళ్లో వారంలో రెండురోజులు ఎక్కినా, కుంకుడు రసంతో ఏడాదంతా బట్టలుతికిన దానికన్నా మేలు.

ఇక అన్నం. ఐరాస పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం హోటళ్లలోనో పెళ్లిళ్లలోనో కాదు, ఇళ్లలో! మన దేశంలో ఇళ్లలో వృథా తలకు ఏడాదికి 55 కిలోలని అంచనా. నలుగురున్న ఇంటికి 220 కిలోలు... దాదాపు తొమ్మిది పాతిక కిలోల బస్తాలు! తినగలిగిందే కాదు, తొక్కలూ టెంకలూ కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఉన్నా సరే, తక్కువేం కాదు. పండించిన రైతు చెమట, పారించిన నీరు, వండిన గ్యాసు అన్నీ చెత్తబండిలోకే. 'ఇవాళ రాత్రికి ఎవరు తింటారు, ఎవరు బయట తినొస్తారు' అని సాయంత్రం ఐదింటికి ఒక్క మాట ఫోన్ చేసి చెబితే ఇందులో సగం ఆగుతుందంటారు ఇల్లాళ్లు. ఆ ఫోన్ చేయాల్సింది వండేవాళ్లు కాదు, తినేవాళ్లు.

బట్టలదీ ఇదే వరస. ఒక్క నూలు టీషర్టు వెనక పత్తిచేను నుంచి మొదలుకుని సుమారు 2,700 లీటర్ల నీటి ఖర్చు ఉందని ప్రపంచ వన్యప్రాణి నిధి లెక్క. ఒక టీషర్టు కొనకుండా ఉండటానికి ఎవరి నడుమూ నొప్పిపుట్టదు. ఇంట్లో ఆర్‌వో యంత్రం ఉంటే ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు సింకులోకి పోతుంటాయి. ఆ గొట్టం కింద బకెట్ పెడితే ఇల్లు తుడవడానికి, బాత్‌రూం కడగడానికి సరిపోతాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకు మాత్రం వద్దు.

సంచులు ఎక్కువైతే...

'ఎకో' అన్న ముద్రతో ఇప్పుడు దుకాణాల్లో దొరకనిది లేదు. వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, కొబ్బరిచిప్ప కప్పులు, జనపనార సంచులు. సామాను తగ్గించడానికి సామాను కొనడమన్నమాట! మూడేళ్లు బాగా పనిచేసే ప్లాస్టిక్ డబ్బాలు పారేసి గాజు సీసాలు కొనే ఇళ్లూ ఉన్నాయి. పర్యావరణం కన్నా ఫొటో అందంగా వస్తుందన్నదే అందులో సుఖం.

గుడ్డసంచినే తీసుకోండి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే... కొత్తగా నేసి కుట్టిన నూలు సంచి వల్ల భూతాపం విషయంలో లాభం రావాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలి. అప్పటికి ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానమవుతుంది. అలాగని ప్లాస్టిక్ సంచే నయమనుకోవద్దు. ఆవు కడుపులో చేరేది, వానాకాలం మోరీకి అడ్డంపడేది అదే. ఆ నష్టం ఈ లెక్కలో లేదు. తేలేదల్లా ఒకటే. ప్రతి షోరూం వాళ్లూ ఇచ్చే కొత్త గుడ్డసంచిని ఇంట్లో పోగేస్తే అది పొదుపు కాదు. నాన్న పాత ప్యాంటు కాలుతో కుట్టిన సంచి, చిరిగేదాకా వాడేది... దాన్ని మించింది ఏ దుకాణంలోనూ దొరకదు. మన దేశంలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు లాంటి కొన్ని ఒక్కసారి వాడి పారేసే వస్తువులపై నిషేధం ఉంది. పుట్టినరోజు పార్టీల్లో ఇప్పటికీ అవే కనబడుతున్నాయంటే... తర్వాత గిన్నెలు తోమేదెవరన్న భయమే. మళ్లీ అక్కడికే వచ్చాం.

కుండలో పురుగులొస్తే ఎవరు చూస్తారు?

ఇంటి చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. తొక్కలు, టీపొడి, మిగిలిన కూరలు. దాన్ని ఇంట్లోనే ఎరువు చేస్తే చెత్తబండికి ఇచ్చేది సగమవుతుంది. చేయడం కష్టమేం కాదు. చుట్టూ చిల్లులున్న మట్టికుండ, అడుగున ఎండుటాకులో కొబ్బరిపొట్టో. రోజూ వేసిన తొక్కల మీద గుప్పెడు ఎండుటాకులు. మొదట్లో కాస్త పుల్లమజ్జిగ చల్లితే సూక్ష్మజీవులు త్వరగా పని మొదలుపెడతాయి. వారానికి రెండుసార్లు కర్రతో తిరగెయ్యాలి. నిండాక వదిలేస్తే నెలన్నర, రెండు నెలల్లో నల్లటి ఎరువు. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం. తెల్లపురుగులు కనిపించినా కంగారు పడక్కర్లేదు, మరికొన్ని ఎండుటాకులు వేసి మూత పెడితే తగ్గుతాయి. నూనె కూరలు, మాంసం ముక్కలు మాత్రం వేయకూడదు.

చెప్పుకోవడానికి ఇంతే. ఆచరణలో ఈ కుండ చాలా ఇళ్లలో రెండోవారానికి బాల్కనీ మూలకు చేరుతుంది. ఎందుకంటే పురుగులొచ్చిన రోజున మూత తీసేదెవరో ముందే అనుకోలేదు కాబట్టి. ఉత్సాహపడి తెచ్చింది ఒకరు, భరించాల్సింది మరొకరు. కుండ కొనేముందే ఎండుటాకులు ఏరేది ఎవరు, తిరగేసేది ఎవరు, వాసనొస్తే చూసేది ఎవరు అని పేర్లు పెట్టుకున్న ఇళ్లలో అది నడుస్తుంది. పదేళ్ల పిల్లలకు ఈ పని అప్పజెప్పి చూడండి. పురుగులంటే అమ్మానాన్నలకున్నంత అసహ్యం వాళ్లకు ఉండదు.

లేక కాదు... ఉండి

ఇంకో చిక్కుముడి ఉంది. దీన్ని విప్పడం ఇంకా కష్టం. ముప్ఫై ఏళ్లు కష్టపడి ఒక్కొక్కటీ అమర్చుకున్న తల్లిదండ్రులకు 'ఇంత సామానెందుకు' అన్న పిల్లల మాట గుచ్చుకుంటుంది. వాయిదాల్లో కొన్న మొదటి ఫ్రిజ్, పిల్లాడి ఇంజినీరింగ్ అయ్యాక కొన్న సోఫా... అవి వాళ్లకు సామాను కాదు. లేమి నుంచి బయటపడ్డామనడానికి గుర్తులు. ఒకే జత బట్టలు ఉతుక్కుని ఆరేదాకా కూర్చున్నవాళ్లకు 'నాలుగు జతలు చాలు' అన్న మాట గొప్పగా వినిపించదు. లేక వదులుకోవడం వేరు, ఉండి వదులుకోవడం వేరు. రెండోది చెప్పేవాళ్లు మొదటిది అనుభవించినవాళ్ల మీద గొంతు పెంచకూడదు. పాత చీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకునే అత్తగారికి సామాను విలువ, పునర్వినియోగం రెండూ తెలుసు. ఎవరూ నేర్పక్కర్లేదు.

పుస్తకాలు ఉంచుకోవచ్చా?

రిచర్డ్ గ్రెగ్ అని ఓ అమెరికన్ న్యాయవాది. 1925లో మన దేశం వచ్చి గాంధీజీ దగ్గర కొన్నాళ్లు ఉన్నాడు. కోరి ఎంచుకునే నిరాడంబర జీవితానికి ఇంగ్లిషులో ఇప్పుడు అందరూ వాడే 'వాలంటరీ సింప్లిసిటీ' అన్న మాటను 1936లో ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. అంతటివాడికీ ఓ బలహీనత ఉంది. అన్నీ వదులుకోగలడుగానీ పుస్తకాలు వదులుకోలేడు. సిగ్గుపడుతూ ఆ మాట గాంధీజీకి చెప్పుకున్నాడు. అయితే వదలొద్దన్నారట ఆయన. ఏ వస్తువు వల్ల మనసుకు ఆసరా దొరుకుతోందో దాన్ని ఉంచుకోవాలని, త్యాగమనో బాధ్యత అనో బలవంతంగా వదిలేస్తే అది మళ్లీ మళ్లీ కావాలనిపిస్తూనే ఉంటుందని చెప్పారట. న్యూయార్క్‌లో మిషెల్‌కు అలాంటిది కాఫీ. 400 కిలోమీటర్ల లోపల కాఫీ తోటలు లేవు కాబట్టి మానాలి. తలనొప్పులు, చిరాకులు... అన్నీ వదిలిన మనిషికి అదొక్కటి మాత్రం చేతకాలేదు. ఆ విషయంలో మనవాళ్లు అదృష్టవంతులు. అరకు కాఫీ ఉంది!

ఇంతకీ భోగి ముందు ఆదివారం అటక దిగిన గంగాళం ఏమైంది? కిలోల లెక్కన మంచి ధరే వస్తుందని పాత సామాన్ల బండివాడు ఆశగా చూశాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. అది మాత్రం హాల్లోనే ఉంటుందంది. ఉంచాలని మనవడూ పట్టుబట్టాడు. 'అయితే నువ్వే తోము' అంది తల్లి. చింతపండు, ఉప్పు పెట్టి రెండు గంటల నుంచీ తోముతున్నాడు. అంచు దగ్గర నలుపు ఇంకా వదల్లేదు.